‘నియంత’ అన్న నింద ఎప్పుడు వెలువడుతుంది?

2025 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్, యుక్రెయిన్ అధ్యక్షుడు వొలొదిమీర్ జెలెన్‌స్కీని ‘ఎన్నికలు లేని నియంత’ అని నిందించారు. ఫిబ్రవరి 24న విలేకరులు రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను కూడా నియంత అంటారా అని అడిగితే, అటువంటి మాటలను తాను తేలికగా వాడనని బదులిచ్చారు. 27వ తేదీన, జెలెన్‌స్కీని ఇంకా నియంతగానే భావిస్తున్నారా అన్న ప్రశ్నకు, ‘నేనలా అన్నానా? అన్నానంటే నమ్మలేకుండా ఉన్నాను’ అన్నారు.

తొమ్మిది రోజులలో ఇన్ని రూపాలు దాల్చిన మాటను ముందుగా ఊహించడం సాధ్యమేనా? కొంతవరకు సాధ్యమే. అయితే అందుకు నిందపడిన నాయకునికంటె నిందించిన నాయకునే ఎక్కువగా గమనించవలసి ఉంటుంది.

ఆరోపణలో నిజమెంత?

జెలెన్‌స్కీ 2019 ఏప్రిల్‌లో సుమారు 73 శాతం ఓట్లతో ఎన్నికయ్యారు. ఆయన పదవీకాలం 2024 మే నెలలో ముగియవలసింది. కాని 2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తడంతో దేశంలో సైనిక శాసనం అమలులోకి వచ్చింది. అది అమలులో ఉండగా ఎన్నికలు జరపరాదని అక్కడి చట్టం నిర్దేశిస్తున్నది.

యుద్ధకాలంలో ఎన్నికలు వాయిదాపడడం కొత్త కాదు. బ్రిటన్‌లో 1935 తరువాత మళ్ళీ 1945లోగాని సార్వత్రిక ఎన్నికలు జరగలేదు. మన రాజ్యాంగంలోని 83వ అధికరణం సైతం అత్యవసర పరిస్థితిలో లోక్‌సభ గడువును ఒక్కొక్క ఏడాది చొప్పున పెంచడానికి వీలు కల్పిస్తున్నది. 1971లో ఎన్నికైన లోక్‌సభ గడువును 1976లో అలాగే పెంచారు. అయితే యుద్ధకాలపు బ్రిటన్‌లో ప్రధాన పక్షాలన్నీ కలిసి ప్రభుత్వం నడిపాయి. 1976లో మన ప్రతిపక్ష నాయకులు అనేకులు చెరసాలలో ఉన్నారు. కనుక ఎన్నికలు వాయిదాపడినంత మాత్రాన ఎవరు నియంతో, ఎవరు కారో తేల్చలేము.

నిందకు ముందు నడిచిన కథ

ఫిబ్రవరి 18న అమెరికా, రష్యా ప్రతినిధులు యుక్రెయిన్‌ను పిలవకుండానే రియాద్‌లో చర్చలు జరిపారు. అమెరికా కోరిన ఖనిజ ఒప్పందపు తొలి ముసాయిదాను జెలెన్‌స్కీ అంతకు ముందే నిరాకరించి ఉన్నారు. ట్రంప్ చుట్టూ రష్యా అబద్ధ ప్రచారం అలముకొన్నదని 19న ఆయన వ్యాఖ్యానించారు. కొద్ది గంటలలోనే ‘నియంత’ అన్న మాట వెలువడింది. ఏప్రిల్ 30న ఖనిజ ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

ఇటలీ ప్రధాని మారియో ద్రాగీ ఉదంతం మరొకటి. 2021 ఏప్రిల్ 6న అంకారాలో జరిగిన సమావేశంలో ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్‌కు సరైన కుర్చీ వేయలేదు. రెండు రోజుల తరువాత ద్రాగీ, ఎన్నికలలో నెగ్గిన టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్‌ను నియంతల కోవలో చేర్చారు; అటువంటివారి సహకారం మాత్రం అవసరమేనన్నారు. టర్కీ ఇటలీ రాయబారిని పిలిపించి నిరసన తెలిపింది. నియమితుడైన ప్రధాని ఎన్నికైన అధ్యక్షుణ్ణి నిందించడమా అని ఎత్తిపొడిచింది. 2022 జూలైలో అదే ద్రాగీ అంకారా వెళ్ళి ఒప్పందాలు చేసుకొన్నారు.

ఊహించడం ఎలా?

అమెరికా పరిశోధకుడు ఫిలిప్ టెట్‌లాక్ 284 మంది నిపుణుల జోస్యాలను దాదాపు ఇరవై ఏళ్ళపాటు పరిశీలించి 2005లో గ్రంథం వెలువరించారు. ఒకే పెద్ద సిద్ధాంతాన్ని పట్టుకొన్నవారికంటె, అనేక చిన్న ఆధారాలను తూచి చూచినవారే మెరుగుగా ఊహించారని ఆయన కనుగొన్నారు.

ఈ విషయంలోనూ తూచవలసినవి మూడు. ఆ నాయకుడు ఇంతకు మునుపు ఎంత తరచుగా ఇటువంటి నిందలు వేశారు? అవతలి దేశంతో తెగని బేరమో, తాజా అవమానమో ఉన్నదా? నోరు జారితే ఆయనకు కలిగే నష్టమెంత? అవతలివారు బలహీనులై, తన సాయంపై ఆధారపడి ఉంటే ఆ నష్టం స్వల్పం. నింద వెలువడే అవకాశం అధికం. బేరం కుదరగానే మాట మెత్తబడుతుందనీ పై రెండు ఉదంతాలు చెబుతున్నాయి.

ఈ లెక్క వినోదం కోసం కాదు. శత్రుసైన్యం తమ నేలపై ఉండగా ఓటు వేయలేకపోతున్న ప్రజల ఎన్నికను, ఆయుధాలిచ్చే దేశాధినేత ఒక్క మాటతో కొట్టిపారవేస్తే, వారికి అందవలసిన సాయమే ప్రశ్నార్థకమవుతుంది. అందుచేత ఇటువంటి నింద ఈసారి వినబడినప్పుడు, అది నిజమా అని విచారించడంతోపాటు, ఆ వారంలో ఆ ఇరువురి మధ్య ఏ బేరం నడుస్తున్నదో కూడా పాఠకుడు చూడవలసి ఉన్నది.