మన రాష్ట్రంలో ఎత్తైన శిఖరం

ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన శిఖరం ఏదని తరగతిలో మేము అడిగితే ఒక్క జవాబు రాదు. కొందరు మహేంద్రగిరి అంటారు. 1,501 మీటర్ల ఆ కొండ ఒడిశాలో ఉంది. కొందరు అర్మకొండ, 1,680 మీటర్లు అంటారు. ఇప్పుడు మొదటి స్థానంలో చెబుతున్నది జిందగడ, 1,690 మీటర్లు. ఈ చివరి రెండూ అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోనే ఉన్నాయి. తేడా పది మీటర్లే. ఆ జిల్లా, మన బాపట్ల జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి.

కొండ ఎత్తును దాని పాదం నుంచి కాక సగటు సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు. రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి కొలిచి ఆ మట్టాన్ని నిర్ణయించారు. మన వాడరేవు ఒడ్డున నిలబడితే దాదాపు సున్నా దగ్గర ఉన్నట్టే. అక్కడికీ జిందగడ శిఖరానికీ సుమారు 5,540 అడుగుల తేడా. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుకే మనం ఉక్కపోతతో అల్లాడే రోజుల్లో కూడా ఆ కొండలు చల్లగా ఉంటాయి, అక్కడ కాఫీ పండుతుంది.

ఇంత ఎత్తున్నా ఈ శిఖరానికి పేరు రాకపోవడానికి కారణం ఉంది. అరకు, పాడేరు ప్రాంతాలే సుమారు 900 మీటర్ల ఎత్తున్న పీఠభూమి. అక్కడి నుంచి చూస్తే శిఖరం మరో 800 మీటర్లే లేచినట్టు కనిపిస్తుంది. పైగా తూర్పు కనుమలు హిమాలయాల కన్నా ఎంతో పాతవి. గాలికి, వానకు అరిగి, నదుల కోతకు గురై ముక్కలుగా మిగిలాయి. ఇక్కడి ముఖ్యమైన శిలకు ఖోండలైట్ అని పేరు. ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చింది.

మైదానంలో ఉన్న మనకు ఆ కొండలతో ఏం పని అని పిల్లలు అడుగుతారు. అక్కడి మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్ నది పుడుతుంది. కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది. శబరి గోదావరిలో చేరుతుంది. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ప్రకాశం బ్యారేజీకి, అక్కడి నుంచి కృష్ణా డెల్టా కాలువలకు వస్తోంది. ఆ కొండల మీద అడవి ఉంటే వాననీరు నేలలో ఇంకి, ఊటలుగా నెమ్మదిగా దిగివస్తుంది. అడవి పోతే మట్టితో సహా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది.

శిఖరం పేరు, మీటర్ల లెక్క పరీక్షకు అవసరం. ఆ వాన చుక్క మన కాలువ దాకా వచ్చే దారిని పటంలో వేలితో గీసి చూపించగలిగితే, ఆ పాఠం పిల్లలకు పరీక్ష తర్వాత కూడా గుర్తుంటుంది.