గ్రహణచంద్రుని ఎఱుపు

2025 సెప్టెంబరు 7వ తేదీ ఆదివారము, భాద్రపద పూర్ణిమ. ఆ రాత్రి మన దేశమున సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించెను. 9 గంటల 57 నిమిషములకు స్పర్శ. 11 గంటలకు బింబమంతయు నీడలో మునిగెను. 82 నిమిషములు అట్లే యుండి, 12 గంటల 22 నిమిషములకు ఒక అంచున మరల వెలుగు పొడచూపెను. ఈ కాలములన్నియు ముందుగనే గణించి ప్రకటించినవే. కాని నీడలో మునిగిన చంద్రుడు ఏ రంగున నుండునో అంత నిక్కముగా ముందు చెప్పుట ఏ గణితమునకును సాధ్యము కాదు. ఒకప్పుడు క్రొత్త రాగిచెంబువలె మెఱయును. ఒకప్పుడు ఇటుకవలె నుండును. మఱియొకప్పుడు ఆరిన బొగ్గువలె మసకబాఱి, ఆకాశమున వెదకికొనవలసిన స్థితికి వచ్చును.

రాహువు మ్రింగెనన్నను, భూమి నీడ పడెనన్నను, పిల్లవాని సందేహము ఒక్కటే. మ్రింగినచో కనబడరాదు గదా! నీడయైనచో నల్లగా నుండవలెను గదా! ఈ ఎఱుపెక్కడిది? దీపము, బంతి, నిమ్మకాయ వరుసగా నుంచి గ్రహణమును బోధించిన ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నకు ఇరుకున పడును. ఏలన, ఆ ప్రయోగమున నిమ్మకాయ నల్లబడునే గాని ఎఱ్ఱబడదు. ప్రయోగము తప్పు కాదు. బంతి చుట్టును భూమికున్నట్లు గాలి లేదు, అంతియే.

ఎఱుపు క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. క్రీ.శ. 499 ప్రాంతమున ఆర్యభటీయమును రచించిన ఆర్యభటుడు చంద్రగ్రహణము భూచ్ఛాయవలన కలుగునని చెప్పి, అంతటితో ఊరకుండక, రంగులను గూడ వరుసగా పేర్కొనెను. ఆరంభాంతములందు పొగరంగు, సగము పట్టినప్పుడు నలుపు, సంపూర్ణగ్రాసమున కపిలవర్ణము, నీడ నట్టనడుమ నలుపు కలిసిన రాగిరంగు. గ్రహణమును కంటితో చూచినవారు నేడును ఈ వరుసను గుర్తింపగలరు. ఐరోపాలో చంద్రునికే కొంత స్వయంప్రకాశము కలదని కొందఱు తలచుచుండగా, ఆ వెలుగు భూమి గాలిలో వంగివచ్చిన సూర్యకాంతియే యని 1604లో కెప్లరు వివరించెను.

భూమి నీడ క్రమముగా సన్నగిలుచు అంతరిక్షమున సుమారు 14 లక్షల కిలోమీటర్లు సాగియుండును. చంద్రుని సగటు దూరము 3,84,000 కిలోమీటర్లు. అచ్చట నీడ వెడల్పు సుమారు 9,000 కిలోమీటర్లు. చంద్రుని వ్యాసము 3,476 కిలోమీటర్లు మాత్రమే. గాలియే లేకున్నచో చంద్రుడు ఆ చీకటిలో జాడ తెలియకుండ పోవలసినవాడు.

గిన్నెలో నాణెమునుంచి, అంచు చాటున అది కనబడకుండునంత దూరము జరిగి, మఱియొకరిచేత నీరు పోయించినచో నాణెము పైకి తేలినట్లు కనిపించును. నీటివలెనే గాలియు కాంతిని వంచును. అస్తమించు సూర్యుని క్రింది అంచు భూమిని తాకినట్లు మనకు తోచు వేళకు, నిజమునకు సూర్యబింబమంతయు దిగిపోయియే యుండును. వంపు అర డిగ్రీకి కొంచెము ఎక్కువ. ఇక భూమి అంచును రాచుకొనుచు పోవు కిరణము ఇటునుండి గాలిలో ప్రవేశించి అటు వెడలిపోవును గనుక, దాని వంపు అంతకు రెట్టింపై ఒక డిగ్రీని మించును. ఆ కిరణము నీడలోనికి మొగ్గును. లెక్కించి చూచినచో, ఏ కిరణమును చొరని కటికచీకటి భూమినుండి సుమారు రెండున్నర లక్షల కిలోమీటర్లలోనే ముగియును. చంద్రుడు దానికి ఆవల నున్నాడు.

సంపూర్ణగ్రహణవేళ చంద్రునిపై నిలిచి మనవైపు చూచినవానికి, సూర్యునికి దాదాపు నాలుగింతలు వెడల్పైన నల్లని భూబింబమును, దాని చుట్టు ఎఱ్ఱని సన్నని వలయమును కనబడును. వలయమున ఒక ప్రక్క ఆ క్షణమున తెల్లవాఱుచున్న దేశములు, రెండవ ప్రక్క ప్రొద్దు గ్రుంకుచున్న దేశములు. 2025 సెప్టెంబరు గ్రహణమున మన వారు చూచిన ఎఱుపులో న్యూజిలాండు తెల్లవాఱుజాము కొంత, పశ్చిమాఫ్రికా సాయంసంధ్య కొంత కలిసియున్నవి. ఇది కవి కల్పన కాదు. 1967 ఏప్రిల్ 24న, చంద్రునిపై దిగియున్న అమెరికావారి సర్వేయర్-3 నౌక అట్టి వలయమును ఛాయాచిత్రము తీసినది. వలయము అంతట ఒకే తీరున లేదు. మబ్బులు అడ్డిన చోట తెగి, తేటగా నున్న చోట పూసలవలె మెఱసినది.

వంగివచ్చిన వెలుగు ఎఱ్ఱగానే ఏల యుండవలెను? గాలి అణువులు పొట్టి తరంగములను ఎక్కువగా చెదరగొట్టునని 1871లో రేలీ నిరూపించెను. ఎఱుపు తరంగము నీలపు తరంగమునకు సుమారు ఒకటిన్నర రెట్లు. ఒకటిన్నరను నాలుగుమాఱులు వేసి గుణించినచో వచ్చు అయిదింతలు నీలము ఎక్కువ చెదరును. నడినెత్తిన నున్న సూర్యుని కాంతి దాటు గాలికంటె గ్రుంకుచున్న సూర్యుని కాంతి దాటు గాలి 38 రెట్లు. చంద్రుని చేరు కిరణము దాటునది అందుకు రెట్టింపు. అంత ప్రయాణమున నీలమంతయు దారిలో రాలిపోయి ఎఱుపు మిగులును. నీడ అంచున మాత్రము ఒక లేతనీలపు చాఱ కొందఱికి కనబడును. అది చాల ఎత్తున ఓజోను పొరగుండ వచ్చిన వెలుగు. ఆ పొర ఎఱుపును కొంత పీల్చుకొనును.

ఆ గాలి ప్రతి గ్రహణమునకు ఒక్కతీరున నుండదు. రంగు ముందు తెలియకపోవుటకు కారణమిదియే. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలైనది. మరుసటి సంవత్సరము అక్టోబరు 4నాటి గ్రహణమున చంద్రుడు అసాధారణముగా నల్లబడెను. 1963లో బాలిద్వీపమున ఆగుంగ్ పర్వతము ప్రేలినది. ఆ డిసెంబరు 30న సంపూర్ణగ్రాసమున చంద్రుడు దాదాపు కనుమఱుగయ్యెను. 1991లో ఫిలిప్పైన్సునందలి పినటూబో ప్రేలినది; 1992 డిసెంబరు 9న మరల అదే కథ. ప్రేలుడునందు వెడలిన గంధకపు వాయువు చాల ఎత్తునకు పోయి, సన్నని ఆమ్లబిందువులై రెండు మూడేండ్లు నిలిచి, నీడలోనికి వంగవలసిన వెలుగును అడ్డగించును.

ఈ మార్పులను గుర్తించుటకు దూరదర్శిని అక్కఱలేదు. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు దాంజోను 1921లో సున్న మొదలు నాలుగువఱకు ఒక కొలమానము నేర్పఱచెను. చంద్రుడు దాదాపు కనబడనిచో సున్న. బూడిదరంగో మట్టిరంగో యైనచో ఒకటి. త్రుప్పువంటి ముదురెఱుపు రెండు. పసుపుటంచు గల ఇటుకరంగు మూడు. మెఱయు రాగిరంగు, అంచున నీలిచాయ యున్నచో నాలుగు. పళ్లెమున నీరుపోసి రోకలి నిలిపి, అది నిలిచియున్నంతసేపు గ్రహణమున్నదని చూచుకొను ఇండ్లు నేటికిని కలవు. రోకలి గ్రహణము లేనినాడును నిలుచును. ఆనాడు ఎవ్వరును నిలిపి చూడరు గాక! ఆ ముచ్చట చూచుటకు పెరటిలోనికి వచ్చిన పిల్లవాడు తల యెత్తి ఒక్క అంకె వ్రాసికొనిన చాలును. సూర్యగ్రహణమువలె కంటికి హాని లేదు.

2028 డిసెంబరు 31 రాత్రి మన దేశమున మరల సంపూర్ణ చంద్రగ్రహణము కనబడును. పది గంటలకు కొంచెము ముందు బింబము పూర్తిగా మునిగి, 71 నిమిషములు నీడలో నుండును. ఆ వేళ పావుగంటకొకమాఱు కాలమును, కంటికి తోచిన అంకెను, బింబమున ఏ వైపు ఎక్కువ వెలుగుగా నున్నదియు వ్రాసికొనవలెను. ప్రక్కవానితో సంప్రదించుట మాత్రము కాగితములు ఉపాధ్యాయునికి అందజేసిన తరువాతనే.