యాంటెన్నా ఊగుతోందా.. ఇంటర్వ్యూకి పనికొస్తుంది!

డాబా ఎక్కి, చేతి రేడియో స్కానర్‌లో 145.800 మెగాహెర్ట్జ్ పెట్టారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పది నిమిషాల్లో దాటిపోతుంది. యాంటెన్నా కదిపితే మాట వస్తోంది, వదిలితే పోతోంది. సెట్ పాడైందనుకోకండి. చాలాసార్లు తప్పంతా కనెక్టర్ దగ్గరే ఉంటుంది.

ముందు బ్యాటరీ తీసేయండి. యాంటెన్నా పట్టుకుని గట్టిగా తిప్పొద్దు. కనెక్టర్ మొత్తం తిరిగితే లోపల మధ్య పిన్ను దగ్గర సోల్డర్ తెగుతుంది. మూత విప్పి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టండి. ఒక ప్రోబ్ మధ్య పిన్ను మీద, రెండోది బోర్డులో దానికి కలిసే ట్రాక్ మీద ఉంచి కనెక్టర్‌ను మెల్లగా కదపండి. బీప్ ఆగి ఆగి వస్తే దొంగ దొరికినట్టే.

మొదట నట్టు బిగించండి, ఆ తర్వాతే ఫ్లక్స్ రాసి సోల్డర్ చేయండి. వరస తప్పితే, నట్టు తిప్పేటప్పుడు కొత్త అతుకూ పగులుతుంది. సోల్డర్ పొంగి పక్కనున్న గ్రౌండ్‌ను తాకలేదని చూసుకోండి.

ఓ ఇంటర్వ్యూలో నేను ‘బాగైంది సార్’ అన్నాను. ‘ఎందుకు బాగైంది?’ అన్నారు. నోరు పెగల్లేదు. మీరు మాత్రం దేన్ని అనుమానించారో, ఎలా పరీక్షించారో, ఏ వరసలో సరిచేశారో మూడు వాక్యాల్లో రాసిపెట్టుకోండి.