బారెడు కొలత, జానెడు గురి

గోడకు వీపు ఆనించి నిలబడి రెండు చేతులూ పక్కలకు చాచండి. ఈ చేతి నడిమి వేలి కొస నుంచి ఆ చేతి నడిమి వేలి కొస దాకా ఉన్నదే మన పెద్దలు చేంతాడు కొలిచిన బార. దాన్ని అంగుళాల్లో కొలిచి రెండున్నరతో భాగించండి. బార 70 అంగుళాలైతే 28 వస్తుంది. మీ ఒంటికి సరిపోయే విల్లు నారి ఎంత దూరం సాగాలో చెప్పే లెక్క, సుమారుగా, అదే. దీన్నే డ్రా లెంగ్త్ అంటారు. మొదటి వేట విల్లు ఎంపిక ఇక్కడే మొదలవ్వాలి.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. అమెరికాలో సంగతి వేరు. అక్కడ లైసెన్సుతో, నిర్ణీత రుతువులో, విల్లంబులతో జింకల వేట సాగుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రం 1934లోనే విలుకాళ్లకు ప్రత్యేకంగా వేట రుతువు ఏర్పాటు చేసింది. కొత్తగా నేర్చుకునేవారు దుకాణంలో అడుగు పెట్టగానే "ఇది ఎన్ని పౌండ్ల విల్లు?" అని అడుగుతారు. ఆ పౌండ్లు నారి లాగడానికి కావాల్సిన బలం. ఆ ప్రశ్న మొదటిది కాకూడదు. ఎందుకో భౌతికశాస్త్రమే చెబుతుంది.

గిలకల మహిమ

మామూలు విల్లు, రికర్వ్ విల్లు లాగేకొద్దీ బరువెక్కుతాయి. గురి చూసే క్షణంలోనే చేతి మీద బరువంతా ఉంటుంది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ ఈ చిక్కు విప్పాడు. 1966లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1969లో వచ్చింది. అదే కాంపౌండ్ విల్లు. దాని కొమ్మల, అంటే వంగే రెండు భాగాల, చివర గిలకలుంటాయి. నూతి గిలకకు ఇరుసు నట్టనడుమ ఉంటుంది, వీటికి ఓ పక్కకు జరిగి ఉంటుంది. అందుకే నారి సగం దాటాక బరువు ఒక్కసారిగా దిగిపోతుంది. 60 పౌండ్ల విల్లులో 80 శాతం తగ్గితే చేతికి మిగిలేది 12 పౌండ్లే, అంటే ఐదున్నర కిలోలు.

పిండి కొద్దీ రొట్టె. లాగేటప్పుడు ఎంత బలం, ఎంత దూరం పెట్టామో అంత శక్తి కొమ్మల్లో చేరుతుంది, బాణం దాన్ని పట్టుకుపోతుంది. బాణం పెట్టకుండా నారి వదిలితే ఆ శక్తికి వెళ్లే దారి ఉండదు. కొమ్మలు పగలొచ్చు, కంటికి దెబ్బ తగలొచ్చు. అందుకే ఉత్త నారి వదలడం ఎన్నడూ కూడదు.

వేటగాళ్ల కోసం పుట్టిన ఈ విల్లే మన విజయవాడ దాకా వచ్చింది. దీంతోనే వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లు తొలిసారి అడుగుపెడుతోంది.

జింక ఎందుకు తప్పుకుంటుంది?

వేట బాణం సుమారు 26 గ్రాములు, వేగం సెకనుకు 80 మీటర్లు అనుకుందాం. దాని శక్తి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి శక్తికి కాస్త అటూ ఇటూ. తూటా లాంటి దెబ్బ కాదిది. బాణం పని కోయడం. అందుకే ములికికి బ్లేడంత పదును ఉండాలి, గుండె, ఊపిరితిత్తుల చోటునే అది తగలాలి. తెల్లతోక జింకలో ఆ చోటు వెడల్పు ఎనిమిది అంగుళాలు, అంటే జానెడు.

ఇప్పుడు 30 గజాల దూరంలో జింక ఉందనుకోండి. నారి చప్పుడు దాని చెవిని 0.08 సెకనులో చేరుతుంది. బాణానికి 0.34 సెకను కావాలి. చప్పుడు విన్న జింక దూకడానికి ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. ఉలికిపాటుకు 0.06 సెకను పోయినా ఇంకా 0.2 సెకను మిగిలింది. ఆ వ్యవధిలో స్వేచ్ఛగా పడే వస్తువు 20 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే జానెడు గురి జానెడూ తప్పుతుంది!

ఇంకా బరువైన విల్లు తెచ్చి వేగం పదో వంతు పెంచితే ఆ దిగుడు 14 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అదే పాత విల్లుతో 20 గజాల దగ్గరికి వస్తే 7 సెంటీమీటర్లే, బెత్తెడు. పౌండ్లు చేయలేని పని ఓర్పు చేస్తుంది.

బరువు ఎంత ఉండాలి?

చట్టం కనీస బరువు చెబుతుంది. అలాస్కాలో జింకకు 40 పౌండ్లు, మూజ్ వంటి పెద్ద జంతువులకు 50. ఆ పైన ఎంత అన్నది మీ భుజాన్నే అడగాలి. కుర్చీలో కూర్చోండి, బాణం సంధించి విల్లు నేరుగా లక్ష్యం వైపు పెట్టండి, అలాగే లాగండి. విల్లు ఆకాశం వైపు ఎత్తితే తప్ప నారి రాకపోతే అది మీకు బరువే. తెల్లవారుజామున చలిలో రెండు గంటలు కదలకుండా కూర్చున్నాక ఆ బరువు రెట్టింపనిపిస్తుంది. విల్లు ఎత్తే ఆ కదలికనే జింక పసిగడుతుంది.

చేయి కన్నా ముందు కన్ను చూసుకోవాలి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కదలకుండా సందులోనే నిలిచిందో ఆ కంటి వైపు చేత్తో నారి లాగే విల్లు తీసుకోవడం మేలు.

బాణానికీ వెన్నెముక

నారి తోసినప్పుడు బాణం చేపలా మెలికలు తిరుగుతూ వెళుతుంది. 1930లలో భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్మన్ తీసిన హైస్పీడ్ చిత్రాలు దీన్ని కళ్లకు కట్టాయి. అందుకే బాణం ఎంత వంగుతుందో కొలిచి దాని మీదే అంకె వేస్తారు, దాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద బాణం పెట్టి, నడిమిన 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే దాని అంకె 500. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. విల్లు బరువుకూ మీ బారకూ తగిన అంకె కాకపోతే ఎంత ఖరీదైన విల్లయినా బాణాలను చెల్లాచెదురుగానే పంపుతుంది. విల్లులో ఒక పౌండుకు కనీసం 5 గ్రెయిన్ల బరువు బాణానికి ఉండాలన్నది మరో నియమం. ఆ బరువు లేని బాణం ఉత్త నారితో సమానం. కార్బన్ బాణాన్ని వేసే ముందు చెవి దగ్గర పెట్టుకుని కాస్త వంచి చూడండి. చిటపట వినిపిస్తే పక్కన పడేయండి, లేదంటే పగిలిన ముక్కలు చేతిలో దిగుతాయి.

చెట్టు మచాను మీద కూర్చుని వేటాడేవారు ముందు కొనాల్సింది ఒంటి నిండా కట్టుకునే రక్షణ పట్టీ. విలుకాళ్లను ఆసుపత్రి పాలు చేసేవాటిలో మచాను మీంచి పడటం ముందుంటుంది.

గాయంతో పొదల్లోకి వెళ్లిపోయిన జింక నొప్పికి విల్లు పట్టినవాడే బాధ్యుడు. అందుకే వేటకు నెలల ముందే ఒక పరీక్ష పెట్టుకోవాలి. జానెడు వెడల్పున్న కాగితం పళ్లెం 20 గజాల్లో నిలపండి. పొద్దున్నే, కండరాలు వేడెక్కకముందే, ఒకే ఒక్క బాణం వేయండి. మర్నాడు మరొకటి. వరుసగా పదిరోజులు ఆ మొదటి బాణం పళ్లెం మీదే పడితే 20 గజాలు మీవి. 25 గజాల్లో రెండుసార్లు తప్పితే, జింక 25 గజాల్లో నిలబడిన రోజున విల్లు దించేయండి.