మూకీ సినిమా మూగగా ఆడలేదు

మూకీల కాలపు చిత్రాలను నేడు చూసేవారికి రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పాత్రలు గెంతుతున్నట్టు నడుస్తాయి. తెర చుట్టూ నిశ్శబ్దం అలముకొని ఉంటుంది. తొలి ప్రేక్షకుల అనుభవం ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

భారతదేశంలో తొలి సినిమా ప్రదర్శన 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో జరిగింది. లూమియేర్ సోదరులు తీసిన ఆరు చిట్టి చిత్రాలకు ప్రవేశ రుసుము ఒక రూపాయి. వారం తర్వాత ప్రదర్శనలు నావెల్టీ థియేటర్‌కు మారాయి. అక్కడ టికెట్టు నాలుగణాల నుంచి రెండు రూపాయల వరకు ఉండేది. పరదా పాటించే స్త్రీలకు, వారి కుటుంబాలకు ప్రత్యేక బాక్సులు కేటాయించారు.

అనంతరం సినిమా డేరాలకు చేరింది. 1902లో జె.ఎఫ్. మదన్ కలకత్తా మైదానంలో డేరా వేసి బయోస్కోపు ఆడించారు. దక్షిణాదిన రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచి దేశస్థుడి నుంచి ప్రొజెక్టరు కొని ఊరూరా తిరిగారు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య, బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జతచేసే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించి బర్మా, సింహళం వరకు ప్రదర్శనలిచ్చారు. ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ నిర్మించారు. 1921లో బెజవాడలో మారుతి సినిమా హాలు వెలిసింది.

ఆనాటి ఆటలో సినిమా ఒక అంశం మాత్రమే. 1913 మే 3న బొంబాయి కారొనేషన్ హాలులో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' విడుదలైనప్పుడు అదే టికెట్టుపై నృత్యం, హాస్య ప్రదర్శన, గారడీ విన్యాసం కూడా ఉన్నాయి. ఒకే ప్రొజెక్టరు ఉన్న హాళ్లలో రీలు మార్చే ప్రతిసారీ ఆట ఆగేది. ఇలాంటి వినోదాలు ఆ వ్యవధికీ అక్కరకొచ్చేవి.

పాత్రలు గెంతుతున్నట్టు కనిపించడానికి కారణం వేగంలో తేడా. మూకీల తొలినాళ్లలో సెకనుకు సుమారు 16 బొమ్మల చొప్పున చిత్రీకరించేవారు. ప్రొజెక్టరును ఆపరేటరు చేత్తో తిప్పేవాడు. టాకీలతో సెకనుకు 24 బొమ్మలు ప్రమాణమయ్యాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలుంటాయి. ఆ లెక్కన 3,700 అడుగుల 'రాజా హరిశ్చంద్ర' 16 బొమ్మల వేగంతో గంటకు పైగా నడుస్తుంది. 24 బొమ్మల వేగంతో 41 నిమిషాల్లో ముగుస్తుంది. నటుడి నడక, చూపు, విరామం అన్నీ మూడోవంతు కుదించుకుపోతాయి.

నిశ్శబ్దం మాట కూడా అంతే. తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవారు. సంభాషణలను అక్షరాల్లో చూపే టైటిల్ కార్డులు తరచూ రెండు మూడు భాషల్లో ఉండేవి. అయితే 1911 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి ఆరుగురే. అందుకే అనేక హాళ్లలో ఒక వ్యాఖ్యాత కార్డులను స్థానిక భాషలో బిగ్గరగా చదివి, కథ వివరించేవాడు. ఒకే చిత్రం ఒక ఊళ్లో తెలుగులో, మరో ఊళ్లో తమిళంలో 'మాట్లాడింది' ఆ గొంతుల వల్లే.

1931 మార్చి 14న 'ఆలం ఆరా' విడుదలతో సినిమాకు సొంత గొంతు వచ్చింది. క్రమంగా వాద్యబృందాలకు, వ్యాఖ్యాతలకు హాళ్లలో పని లేకుండా పోయింది. త్వరగా అంటుకునే, కాలక్రమంలో శిథిలమయ్యే నైట్రేట్ ఫిల్ముపై తీసినందున మూకీ చిత్రాల్లోనూ అత్యధికం నశించాయి. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో; అప్పటికే ఆలస్యమైంది. వెయ్యికి పైగా భారతీయ మూకీలలో నేడు మిగిలినవి అతి కొద్ది. వాటిలోనూ చాలావరకు తునకలే.

మిగిలిన చిత్రాలను సరైన వేగంతో, ప్రత్యక్ష సంగీతంతో ప్రదర్శిస్తే నాటి అనుభవంలో కొంత భాగం తిరిగి దక్కుతుంది. వ్యాఖ్యాతల మాటలను మాత్రం ఆనాడు ఎవరూ రికార్డు చేయలేదు. తెలుగువారు తమ భాషలో విన్న తొలి సినిమా మాటలు ఆ హాళ్లలోనే కలిసిపోయాయి.