నీళ్లు తాగిన ఇంజను

హైదరాబాదు పాతబస్తీ సందుల్లో పడవలు తిరిగాయంటే మీరు నమ్ముతారా? 2020 అక్టోబరులో నిజంగానే తిరిగాయి. ఆ నెల 13వ తేదీ ఉదయం నుంచి 24 గంటల్లో బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన పడింది. ఫలక్‌నుమా వైపున ఉన్న అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. అది తేరుకోకముందే, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్‌ను ముంచింది. మనుషులను పడవల్లో ఒడ్డుకు చేర్చారు. స్కూటర్లూ ఆటోలూ మాత్రం నీటిలోనే ఉండిపోయాయి.

ఆటో మీద బతికే ఇంట్లో ఆటో మునిగితే పొయ్యి ఆరినట్టే. అందుకే నీరు తీయగానే బండిని పైకి లాగి, స్టార్టు అవుతుందేమో చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. చేయకూడని పని సరిగ్గా అదే. రెండు రోజులు నీటిలో ఉన్నా చెడని ఇంజను ఆ ఒక్క నిమిషంలో చెడిపోవచ్చు.

ఎందుకో మీరే చూడవచ్చు. సూది లేని కొత్త సిరంజి ఒకటి తీసుకోండి. దానిలోకి గాలి పీల్చి, మూతిని వేలితో మూసి, వెనుక కాడను నొక్కండి. గాలి అణిగి చోటిస్తుంది. ఇప్పుడు నీరు నింపి నొక్కండి. ఎంత బలం పెట్టినా కాడ కదలదు. పెట్రోలు ఇంజనులో పిస్టను చేసే పని ఇదే. సిలిండరులోని గాలినీ పెట్రోలు ఆవిరినీ అది సుమారు తొమ్మిదో పదో వంతుకు అణగదొక్కుతుంది. అక్కడ గాలికి బదులు నీరు ఉంటే పిస్టను గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, లేదా విరుగుతుంది. నడుస్తున్న ఇంజను నీటిని పీల్చుకుంటే దెబ్బ ఇంకా గట్టిది. వరద నీటిలో ఆగిపోయిన బండిని అక్కడే మళ్లీ స్టార్టు చేయవద్దనేది ఇందుకే.

మరి తెలిసిన మెకానిక్ ఏం చేస్తాడు? మొదట బ్యాటరీ తీగలు విప్పుతాడు. తడిసిన చోట కరెంటు పారితే రాగి ముక్కలు పచ్చగా చిలుము పట్టి తినుకుపోతాయి. తరువాత మంచినీళ్లతో బురద కడిగేస్తాడు. ఆ తరువాత స్పార్కు ప్లగ్గు విప్పి ఇంజనును మెల్లగా తిప్పుతాడు. ప్లగ్గు ఉండే రంధ్రంలోంచి నీరు పిచికారీలా చిమ్ముతుంది. ఇంజనుకు హాని చేయకుండా ఆ నీరు బయటపడే దారి అదొక్కటే. ఇక చిమ్మడం ఆగాక అందులో కాసిన్ని చుక్కల ఆయిలు పోసి మళ్లీ తిప్పుతాడు.

అడుగున ఉన్న ఇంజను ఆయిలు సంగతి చూడాలి. నల్లగా ఉండవలసిన ఆయిలు ఇరానీ చాయ్ రంగులో బయటకు వచ్చిందంటే అందులో నీరు కలిసిందన్నమాట. నూనె, నీరు కలవవని మనం చదువుకున్నాం. కానీ గట్టిగా చిలికితే నీరు కంటికి కనబడనంత చిన్న బిందువులై నూనెలో చిక్కుకుపోతుంది. అలాంటి ఆయిలు ఇనుప భాగాల మధ్య జారుడు పొరగా నిలవలేదు. ఒక్కసారి మారిస్తే పూర్తిగా పోదు, రెండు మూడుసార్లు మార్చాలి. ఖర్చే, కానీ కొత్త ఇంజను ఖర్చుతో పోలిస్తే ఎంత! పెట్రోలు టాంకునూ ఖాళీ చేయాలి. పెట్రోలు నీటికంటే తేలిక కాబట్టి నీరు అడుగుకు చేరుతుంది. ఇంజనుకు పెట్రోలు అందేదీ ఆ అడుగు నుంచే!

ఇక్కడ పడవవాళ్ల కిటుకు ఒకటి చెప్పుకోవాలి. చిన్న పడవల వెనుక తగిలించే మోటారు నీట మునిగి, పైకి తీశాక వెంటనే విప్పే వీలు లేకపోతే, దాన్ని గట్టున పెట్టరు. మళ్లీ మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచుతారు! వింతగా ఉంది కదూ? ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటే, లీటరు మామూలు నీటిలో కరిగి ఉండేది ఎనిమిది మిల్లీగ్రాములే. పూర్తిగా మునిగిన ఇనుముకు ఆక్సిజన్ కరువు. బయటకు తీసిన తడి ఇనుముకు రెండూ పుష్కలం. నీటిలోంచి తీసిన క్షణం నుంచే అసలు తొందర మొదలవుతుంది. పాతబస్తీ వరద నీటిలో మురుగు, లవణాలు కూడా కలిశాయి గనుక తుప్పు మరీ త్వరగా పడుతుంది.

చెక్క పడవకు మాత్రం తొందర పనికిరాదు. బాగా నానిన చెక్కను ఎండలో పెడితే పైపొర ముందు ఆరి కుంచించుకుంటుంది, లోపలి భాగం ఇంకా ఉబ్బే ఉంటుంది, పగుళ్లు తప్పవు. నీడలో, గాలి ఆడేలా, నెమ్మదిగా ఆరనివ్వాలి. ఎంత నెమ్మదిగా అంటారా? స్వీడన్ దేశపు ఓడ 'వాసా' 1628లో మునిగి 1961లో బయటపడింది. చెక్కలోని నీటి స్థానంలో మైనంలాంటి పాలీఎథిలీన్ గ్లైకాల్ చేరేటట్లు దాని మీద 17 ఏళ్లు చల్లుతూ వచ్చారు.

తుప్పు సంగతి మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. మూడు కొత్త ఇనుప మేకులు, మూడు గాజు సీసాలు తీసుకోండి. మొదటి సీసాలో మేకు సగం మునిగేలా నీరు పోయండి. రెండవ దాంట్లో మేకు పూర్తిగా మునిగేలా మరిగించి చల్లార్చిన నీరు పోసి, పైన నూనె పొర వేయండి. మూడవ దాంట్లో పొడి మేకు వేసి బిగించి మూత పెట్టండి. పది రోజులయ్యాక మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి మేకుపై తుప్పు ఏ చోట ఎక్కువగా పట్టిందో బొమ్మ గీసి పెట్టుకోండి.