పెక్కు యంత్రములకు ఒకే లెక్క

కృష్ణా డెల్టాలో ఎకరము మడిని ఒక్కరే నాటవలెనన్న దినములు పట్టును. కూలీలు వరుసగా వంగి, ఎవరి పట్టెలో వారు నాటుచు వెనుకకు జరిగినచో పని త్వరలో ముగియును. ఒకరి పనికై మరియొకరు ఆగనక్కర లేదు. కంప్యూటరులోని జి.పి.యు. అను భాగము ఈ పద్ధతినే పాటించును.

ఇది మొదట బొమ్మల కొరకు పుట్టినది. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెరపై 20 లక్షలకు పైగా చుక్కలుండును. సెకనుకు 60 మారులు బొమ్మ మారినచో 12 కోట్లకు పైగా రంగులను నిర్ణయింపవలెను. సి.పి.యు. కొలది పనులను మిక్కిలి నేర్పుతో చేయును, జి.పి.యు. ఒకే చిన్న లెక్కను వేలకొలది చోట్ల ఒక్కసారిగా చేయును.

ఈ శక్తి బొమ్మలకే గాక ఇతర గణనలకును ఉపకరించును. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రజలము చొచ్చుకొనివచ్చి వేలకొలది ప్రాణములను బలిగొనెను. ఇట్టి ఉప్పెనను ముందుగా అంచనా కట్టుటకు సముద్రమును గడులుగా విభజింతురు. ఉదాహరణకు, 100 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ప్రాంతమును కిలోమీటరు గడులుగా విభజించినచో 10,000 గడులగును. 10 సెకనుల కొకమారు లెక్కించినచో ఒక దినమునకు 8,640 అంచెలు. మొత్తము 8 కోట్ల 64 లక్షల లెక్కలు. ప్రతి గడిలోని నీటిమట్టమునకు క్రిందటి అంచెలో ఆ గడి, ఇరుగుపొరుగు గడుల స్థితి, గాలి, వాయుపీడనము ఆధారములు. కనుక ఒక అంచెలోని గడులన్నిటిని ఒక్కసారిగా లెక్కింపవచ్చును. అయితే ఒక అంచె ముగియక తరువాతి దానిని మొదలుపెట్టరాదు.

ఇచట ఒక చిక్కు కలదు. జి.పి.యు.తో మాటలాడుటకు ఆపిల్ యంత్రములలో మెటల్ (2014), విండోస్‌లో డైరెక్ట్ 3డి 12 (2015), లినక్స్, ఆండ్రాయిడ్ మొదలగు వానిలో వల్కన్ (2016) అను వేర్వేరు పద్ధతులున్నవి. ఒక దానికై వ్రాసిన ప్రోగ్రాము మరియొక దానిలో పనిచేయదు.

ఈ చిక్కును తీర్చుటకు రస్ట్ భాషలో డబ్ల్యూ.జి.పి.యు. అను లైబ్రరీ నిర్మింపబడినది. లైబ్రరీ యనగా సిద్ధముగా నున్న ప్రోగ్రాముల కూర్పు. 2015లో తొలి స్థిరరూపము పొందిన రస్ట్, మెమరీని వాడుటలో జరుగు పెక్కు పొరపాట్లను ప్రోగ్రాము నడువక మునుపే పట్టుకొనును. గడి లెక్కను డబ్ల్యూ.జి.ఎస్.ఎల్. అను చిన్న భాషలో ఒక్కమారు వ్రాసినచో, లైబ్రరీ దానిని పరీక్షించి, ఆయా యంత్రమునకు తెలిసిన భాషలోనికి మార్చును. ప్రకాశం బ్యారేజీ వద్ద నిలిచిన ఒకే నీరు తూర్పు, పడమటి కాలువలకు చేరునట్లు, ఒకే లెక్క వేర్వేరు యంత్రములకు చేరును. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కూడ దీనిని వాడుచున్నది.

సమీకరణము తప్పైనచో యంత్రము తప్పు ఫలితమునే మిక్కిలి వేగముగా నిచ్చును. సముద్రపు లోతులు, గాలి కొలతలు సరిగా నుండవలెను. దశాంశసంఖ్యలు సాధారణముగా 32 బిట్లకు పరిమితములగుటచే సూక్ష్మమైన లెక్కలలో జాగరూకత అవసరము. అయినను ఉపాధ్యాయుడు వ్రాసిన ఒకే ప్రోగ్రామును విద్యార్థులు తమకు లభించిన వేర్వేరు కంప్యూటర్లపై నడిపి, గాలివేగము పెరిగినచో తీరమున నీరు ఎంత లేచునో స్వయముగా పరిశీలింపవచ్చును.